మాట చివర దాగిన ఖాళీ

ఖతర్‌లోని తెలుగు కుటుంబాల పట్టిక ఒకటి కంప్యూటర్‌లో ఉన్నదనుకుందాం. అందులో ‘దోహా’ అని వెదికితే కొన్ని కుటుంబాలే దొరుకుతాయి. కంటికి అన్నీ ఒకటే; కాని కొందరు ‘దోహా’ తరువాత స్పేస్ మీట నొక్కి ఉంటారు. మనకది ఖాళీ, యంత్రానికి మాత్రం 32వ సంఖ్య గల అక్షరం. ‘దోహా’కు సంకేతాలు 4, ఖాళీతో కలిపి 5. కనుక అవి రెండు వేర్వేరు మాటలు.

ఈ చివరి ఖాళీలను తొలగించడానికి పైథాన్ భాషలో ‘ఆర్‌స్ట్రిప్’ అనే సాధనం ఉన్నది. ‘ఆర్’ అంటే కుడివైపు. అరబ్బీ నడుమ నివసించే మనకు ఇక్కడ సందేహం కలగడం సహజం. అరబ్బీ మాట ఎడమవైపున ముగుస్తుంది కదా, మరి ఈ సాధనం దాని మొదటిని కత్తిరిస్తుందా? కత్తిరించదు. యంత్రస్మృతిలో ఏ భాషైనా చదివే వరుసలోనే నిలుస్తుంది. కుడి ఎడమలు తెరమీదనే. నిజానికి ఆ పేరే తగినది కాదు. జావాస్క్రిప్ట్ 2019 నాటి ప్రమాణంలో ‘ట్రిమ్‌ఎండ్’ అనే పేరును ఎన్నుకున్నది. ‘ట్రిమ్‌రైట్’ దానికి మారుపేరుగా మిగిలింది.

తెలుగుకు మరొక చిక్కు. ‘ఖతర్‌లో’ అని వ్రాసేటప్పుడు ‘ర్’కు ‘ల’ వత్తు పడకుండా మధ్యన 8204 సంఖ్య గల అదృశ్య సంకేతాన్ని ఉంచుతాం. తరువాత ‘లో’ చెరిపినా అది చివర మిగిలిపోవచ్చు. యూనికోడ్ దానిని ఖాళీగా పరిగణించదు, కనుక ఆర్‌స్ట్రిప్ తనంతట తాను దానిని తాకదు. ఖాళీనీ దీనినీ కలిపి పేర్కొంటే రెండింటినీ తీసివేస్తుంది. మాట మధ్యనున్న సంకేతాన్ని మాత్రం తీయరాదు. తీస్తే వత్తు వచ్చి చేరుతుంది.