ఖాళీ గడికి ఏ రంగు?

ప్లేస్‌మెంట్ సీజన్ వస్తే చాలు, గ్రూపుల నిండా ఎక్సెల్ షీట్లే. సెమిస్టర్ల వారీగా గ్రేడ్ పాయింట్లు, 6 కంటే తక్కువైతే ఎర్ర రంగు. ఈసారి మా సీనియర్ల షీటులో ఫస్టియర్ కాలమ్‌లో కొన్ని గడులు వరసగా ఎర్రబడ్డాయి. వాళ్లెవరూ తప్పినవాళ్లు కాదు. డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, నేరుగా సెకండియర్‌లో చేరినవాళ్లు. వాళ్లకు ఫస్టియర్ మార్కులే ఉండవు కదా! రంగు చూసి లిస్టు వడగట్టేవాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

కారణం చిన్నదే. బి2<6 అని రూల్ రాస్తే, పోల్చేటప్పుడు ఎక్సెల్ ఖాళీ గడిని సున్నా అనుకుంటుంది. సున్నా 6 కంటే తక్కువే, కాబట్టి ఎరుపు. గూగుల్ షీట్స్‌లో కస్టమ్ ఫార్ములా రాసినా ఇదే కథ.

చాలామంది వెంటనే ఈజ్‌బ్లాంక్ వాడమంటారు. నాకు అది సగం మందులా అనిపిస్తుంది. వీలుకప్‌తో తెచ్చిన గడిలో ఏమీ దొరక్కపోతే ఖాళీ కోట్స్ పెట్టమని రాస్తాం చూడండి, ఆ గడి కంటికి ఖాళీయే, కానీ లోపల ఫార్ములా ఉంది కాబట్టి ఈజ్‌బ్లాంక్ "కాదు" అంటుంది. అందుకే ప్రశ్నని తిప్పి అడగాలి: ఖాళీయా అని కాదు, అంకె ఉందా అని.

=అండ్(ఈజ్‌నంబర్(బి2), బి2<6)

(టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే సుమా!)

ఇదే కాపలా ఆకుపచ్చ రూల్‌కి కూడా పెట్టాలి. ఎందుకంటే ఎక్సెల్ లెక్కలో ఏ అక్షరమైనా ఏ అంకెకన్నా పెద్దదే. పరీక్షకు రాలేదని గడిలో "ఏబీ" అని రాస్తే, బి2>=8 అన్న రూల్ దానికి చక్కగా ఆకుపచ్చ పూస్తుంది. పరీక్ష రాయనివాడు టాపర్ అన్నమాట!

తమాషా ఏంటంటే, డీబీఎంఎస్ ల్యాబ్‌లో ఇదే ఖాళీ ఇంకోలా ప్రవర్తిస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో నల్‌ని 6తో పోలిస్తే నిజమూ కాదు, అబద్ధమూ కాదు, "తెలియదు" అని వస్తుంది. కేస్‌లో 6 కంటే తక్కువైతే ఎరుపు, ఎల్స్ ఆకుపచ్చ అని రాశామా, నల్ వెళ్లి ఎల్స్‌లో పడుతుంది. అంటే అదే విద్యార్థి షీటులో ఎరుపు, డేటాబేస్ రిపోర్టులో ఆకుపచ్చ. కాబట్టి మొదటి వెన్‌లోనే ఈజ్ నల్ అని అడిగి దాని సంగతి తేల్చేయాలి. పవర్ బీఐ మళ్లీ ఎక్సెల్ దారే, అక్కడా పోలికలో బ్లాంక్ అంటే సున్నా. రంగు ఇచ్చే మెజర్‌లో ముందు ఈజ్‌బ్లాంక్ అడిగి, అవునంటే బ్లాంకే తిరిగిస్తే ఏ రంగూ పడదు.

ఇక ఖాళీలన్నీ ఒకటి కావు. "ఇంకా మార్కులు ఎక్కించలేదు" వేరు, "ఈ కాలమ్ వీళ్లకు వర్తించదు" వేరు. మొదటిదాన్ని ఖాళీగా ఉంచి పసుపు వేయొచ్చు. ఈసెట్ వాళ్ల గడిలో మాత్రం "ఎల్‌ఈ" అని రాసి బూడిద రంగు వేస్తే, షీటు తెరిచినవాళ్లు మనల్ని అడగక్కర్లేదు. యావరేజ్ ఫంక్షన్ కూడా ఆ గడిని వదిలేసి మిగతావే లెక్కేస్తుంది. అన్నీ కూడి 8తో భాగించే పాత ఫార్ములా ఉంటే మాత్రం ముందు దాన్ని తీసేయండి. రంగు సరిచేసినా అది వాళ్ల సగటుని కిందికి లాగుతూనే ఉంటుంది.