ఆగమని చెప్పొచ్చు, చెల్లీ

తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, కలయికలో మంట... ఏళ్ల తరబడి ఓర్చుకుంటాం గానీ డాక్టరు దగ్గరికి పోం. సిగ్గని అందరూ అనుకుంటారు. కొందరికి ఆ పరీక్ష బల్లంటేనే భయం చెల్లీ. చిన్నతనంలో ఎవడో చేసిన పాడుపని కావచ్చు, మొగుడి బలవంతం కావచ్చు, కాన్పులో పడ్డ తిట్లు కావచ్చు. లోపలి పరీక్ష అనగానే తొడలు బిగుసుకుపోతాయి, ఊపిరి ఆడదు. అది మొండితనం కాదు, ఒళ్లు తనంతట తానే బిగుసుకోవడం. కసిరితే ఇంకా బిగుస్తుంది.

2004 సునామీ చూసిన అండమాన్ నికోబార్ దీవులు మనవి. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి వాళ్లు వచ్చి జనం మనసు కష్టం విన్నారు. అల చప్పుడుకి ఉలిక్కిపడే మనిషిని మనం తప్పు పట్టం. మరి బల్ల మీద ఉలిక్కిపడే ఆడదాన్ని ఎందుకు కసరాలి?

మంచి డాక్టరు నీకేం జరిగిందో గుచ్చి అడగరు. బట్టలు తియ్యకముందే కూర్చోబెట్టి ఏం చేస్తారో చెబుతారు, లోపల చూసే పరికరం స్పెక్యులం చూపిస్తారు, దుప్పటి కప్పుతారు, ఆగమంటే ఆగుతారు. కావాలంటే స్పెక్యులం నిన్నే పెట్టుకోనిస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే హెచ్‌పీవీ పరీక్షకైతే నమూనా మనమే తీసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) మనకి ఇంకో చిక్కు ఉంది. జంగ్లీఘాట్ నుంచి ఆసుపత్రికి పోయే మన తెలుగువాళ్లలో పెద్దాళ్లకి హిందీ అంతగా రాదు, తోడుకి స్కూలు చదివే కూతుర్ని తీసుకుపోతారు. తల్లి తన కష్టం బిడ్డ నోటితో ఎలా చెప్పించుకుంటుంది? వద్దమ్మా. తెలుగు తెలిసిన నర్సు ఉందేమో అడుగు, లేదా గుట్టు దాచే వదిననో స్నేహితురాలినో వెంట తీసుకెళ్లు. హట్‌బే నుంచో కార్ నికోబార్ నుంచో ఓడెక్కి వచ్చేవాళ్లకి ఆగమని చెప్పడం మరీ ముఖ్యం. ఇంత దూరం వచ్చాం కదా అని నొప్పి భరించి పడుకుంటారు.

పరీక్షకి ముందే హిందీలో చెప్పు: "దర్ద్ హోగా తో హాథ్ ఉఠాఊంగీ, ఆప్ రుక్ జాయియే." అంటే, నొప్పి పుడితే చెయ్యెత్తుతాను, మీరు ఆగండి అని. ఆడమనిషి తోడుండాలని అడుగు. ఇవాళ వద్దనిపిస్తే లేచి రా, తప్పేం లేదు. పాత బాధ తిరగబెడితే మనసు కష్టం వినే సర్కారు హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడొచ్చు. ముట్లుడిగాక రక్తం కనిపిస్తే మాత్రం ఆగకు. ఆ డాక్టరు నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి పో, కానీ ఈ వారంలోనే.