కొండ ఎక్కే బాలలకు అర్ధశక్తి నియమం

సెలవు దినమున పిల్లలను వెంటబెట్టుకొని కొండకు పోవుట ఆరోగ్యదాయకమే. కాని ఎంతవరకు ఎక్కవలెనో నిర్ణయించవలసినది పెద్దల ఉత్సాహం కాదు, పిల్లల బలం. వైద్యుడనై యుండియు ఈ సంగతిని ఒకనాడు నేనే మరచాను.

2019 గాంధీ జయంతి నాడు మా కుటుంబమంతా భువనగిరి కోటకు వెళ్లాము. అది ఏకశిలా పర్వతం. ఎత్తు సుమారు 500 అడుగులు. దారిలో నీడ తక్కువ. కడుపునిండా ఫలహారాలు చేసి మెట్ల వద్దకు చేరేసరికి పది గంటలు దాటింది. అయిదేళ్ల మనవడు మొదట అందరికంటె ముందు పరుగెత్తాడు. సగం దారిలో మాటలు మానివేశాడు. నోటితో రొప్పుతున్నాడు, నుదుట చెమట, ముఖం ఎర్రబడింది. "ఇంకొంచెమే నాన్నా" అని అందరితోపాటు నేనూ అన్నాను. మరి పది మెట్లకే వాంతి చేసుకొని కూలబడ్డాడు. గోడ నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్లు తుడిచి, గుక్కగుక్కగా నీరు తాగించాము. తేరుకొన్న పిమ్మట ఎత్తుకొని దిగివచ్చాము.

గురుకులంలో కంఠస్థం చేసిన నియమం అప్పుడు జ్ఞప్తికి వచ్చింది. బలవంతులు సైతం చలికాలమందు, వసంతమందు తమ శక్తిలో సగమే వ్యాయామానికి వినియోగించవలెనని, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గించవలెనని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో చెప్పారు. బాలురు, వృద్ధులు, అజీర్ణముగలవారు వ్యాయామమునే విడువవలెనన్నారు. పైగా మేము వెళ్లినది శరదృతువు. వానల చల్లదనానికి అలవాటుపడిన దేహానికి హఠాత్తుగా ఎండ తగిలి పిత్తం ప్రకోపించే కాలమది.

బాలురు ఆడరాదని దీని భావం కాదు. అలసిన పిల్లవాడు ఆటను తానే ఆపుతాడు. కొండదారిలో పెద్దలు ఆపితే గాని ఆగలేడు.

నోటితో ఊపిరి తీయుట, నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టుట, నోరెండుట అర్ధశక్తి వ్యయమైనదనుటకు గుర్తులు. ఇవి కనబడగానే కూర్చుండవలెను. మిగిలిన సగం దిగుటకు కావలెను.

పాటించవలసినవి:

1. తెల్లవారగానే బయలుదేరి, ఎండ ముదరక ముందే దిగిరావలెను.

2. ముందుగా జావ, ఇడ్లీ వంటి తేలిక ఆహారమే ఇవ్వవలెను.

3. అందరికంటె మెల్లగా నడిచే పిల్లను ముందు నడిపించి, తక్కినవారు వెనుక నడవవలెను.

4. దాహం అడగక ముందే కొద్దికొద్దిగా నీరు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఇవ్వవలెను. మూత్రవేగమును ఆపనీయరాదు.

5. ఒళ్లు కాలిపోతూ, పిల్లవాడు మగతగా ఉన్నా, పొంతనలేక మాట్లాడినా గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. నీటితో ఒళ్లు తడిపి, విసురుతూ, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. స్పృహ లేనివానికి నోట ఏమియు పోయరాదు.

మరుసటి జనవరి 26న, చలిపొద్దున, అదే కొండకు మరల వెళ్లాము. ఈసారి మనవడు "తాతయ్యా, చాలు" అన్నచోటనే ఆగి, నారింజలు తిని దిగివచ్చాము. ఇల్లు చేరిన పిమ్మట వాడు అడిగిన మొదటి మాట, "మళ్లీ ఎప్పుడు వెళదాం?"