కరువు నాటి నీటి కట్టుబాట్లు - మన ధర్మం ఏమంటోంది?

వానలు మొహం చాటేసిన ఏడాది ఊళ్ళో కొన్ని కట్టుబాట్లు వస్తాయి. ఫలానా చోట కొత్త బోరు వేయరాదు. ఫలానా వేళలోనే మోటారు ఆడించాలి. తాగునీటితో బండ్లు కడగరాదు. కుళాయి నీరు రోజు విడిచి రోజు. మనలో చాలామంది వీటిని సర్కారు గొడవగానే చూస్తారు. అధికారి కంటపడతామంటే పాటిస్తాం, లేదంటే లేదు. నమాజు, రోజా, జకాత్‌లు ధర్మం. నీళ్ళ వంతు మాత్రం లోక వ్యవహారం అని మనసులో ఒక గీత గీసుకున్నాం.

ఆ గీత గీసింది మనమే. షరీఅత్ గీయలేదు. నీటి వంతు, బావుల మధ్య దూరం, మిగులు నీటిపై ఇతరుల హక్కు - ఇవన్నీ ఖుర్ఆన్, హదీసు, ఫిఖహ్‌లలో ఉన్న విషయాలే. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

వంతు తప్పిన జాతి

సమూద్ జాతి వద్దకు అల్లాహ్ హజ్రత్ సాలిహ్ (అలైహిస్సలాం)ను ప్రవక్తగా పంపాడు. ఒక ఆడ ఒంటెను వారికి సూచనగా ఇచ్చాడు. దానితో పాటు ఒక కట్టుబాటు కూడా పెట్టాడు: నీరు ఒకరోజు ఒంటెకు, ఒకరోజు జాతి ప్రజలకు. ఎవరి వంతు నాడు వారే నీటి దగ్గరకు రావాలి. అష్షుఅరా సూరాలోనూ, అల్ ఖమర్ సూరాలోనూ ఈ ప్రస్తావన ఉంది. ఆ జాతి ఒంటెను చంపేసింది. దైవశిక్షకు గురై నామరూపాల్లేకుండా పోయింది.

ఈ గాథను మనం ఒంటె కథగా పిల్లలకు చెబుతాం. అందులో నీటి వంతు కూడా ఉందన్న సంగతి మరచిపోతాం. వారి అసలు నేరం అల్లాహ్ సూచనను, ఆయన ప్రవక్తను ధిక్కరించడమే. అయితే ఆ ధిక్కారం దేనిమీద బయటపడిందో గమనించండి. నోరులేని ఒక జీవికి దక్కాల్సిన నీటి వంతును వారు ఓర్వలేకపోయారు.

మదీనాలో కాలువ తగాదా

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వద్దకు నీటి తగాదాలు కూడా వచ్చేవి. సహీ బుఖారీలో ప్రసిద్ధమైన ఒక సంఘటన ఉంది. హర్రా ప్రాంతం నుంచి వచ్చే కాలువ మీద ఎగువన హజ్రత్ జుబైర్ (రజి) ఖర్జూరపు తోట, దిగువన ఒక అన్సారీ తోట ఉండేవి. నీటిని ఆపకుండా వదలమని అన్సారీ అడిగాడు. జుబైర్ (రజి) ఒప్పుకోలేదు. మాట ప్రవక్త (స) దాకా వెళ్ళింది. నీ తోటకు కొంత పెట్టుకొని పొరుగువానికి వదిలేయమని ఆయన జుబైర్‌కు చెప్పారు. ఇది ఇద్దరికీ మేలు చేసే తీర్పు. కానీ ఆ అన్సారీ, జుబైర్ మీ మేనత్త కొడుకు కాబట్టే ఇలా అన్నారని నిష్ఠూరమాడాడు. ప్రవక్త (స) మోము రంగు మారింది. అప్పుడు ఆయన జుబైర్‌కు పూర్తి హక్కు ఇప్పించారు: మడి గట్టు దాకా నీరు నిలిచేవరకు పెట్టుకొని ఆ తర్వాతే వదలమన్నారు. తగాదాల్లో ప్రవక్త (స)ను న్యాయనిర్ణేతగా స్వీకరించనివారు విశ్వాసులు కాజాలరని చెప్పే అన్నిసా సూరా 65వ ఆయతు ఈ సందర్భంలోనే అవతరించిందని తాను భావిస్తున్నట్లు జుబైర్ (రజి) చెప్పారు.

ఇక్కడ రెండు సంగతులు గ్రహించాలి. మొదటిది, ఎగువన ఉన్నవానికి ముందు హక్కు ఉంది, అయితే ఆ హక్కుకు ఒక హద్దు కూడా ఉంది. మదీనాలోని మహ్‌జూర్ వాగు విషయంలో ఆ హద్దును చీలమండల దాకా నిలిచే నీరుగా ప్రవక్త (స) నిర్ణయించారని అబూదావూద్ హదీసులో ఉంది. రెండవది, నీటి పంపకం గురించిన తీర్పును మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం ఈమాన్‌తో ముడిపడిన విషయం.

నీరు ఎవరి సొత్తు?

నీరు, గడ్డి, నిప్పు - ఈ మూడింటిలో ప్రజలు భాగస్తులని ప్రవక్త (స) బోధించారు. దీని ఆధారంగా మన హనఫీ ధర్మవేత్తలు నీటిని రకాలుగా విభజించారు. బిందెలోనో ట్యాంకులోనో తోడి పెట్టుకున్న నీరు తోడుకున్నవాని సొత్తు. బావిలో ఉన్న నీరు అలా కాదు. బావి యజమానికి ముందు హక్కు ఉంటుంది గాని, దాహంతో వచ్చిన మనిషికి, పశువుకు తాగే హక్కు కూడా ఉంటుంది. దీనినే ఫిఖహ్‌లో 'హఖ్ఖె షఫా' అంటారు.

దారి పక్కన తన దగ్గర మిగులు నీరు ఉండి కూడా బాటసారికి ఇవ్వని వ్యక్తి వైపు ప్రళయదినాన అల్లాహ్ కన్నెత్తి చూడడని బుఖారీ హదీసు హెచ్చరిస్తోంది. ఎంత పెద్ద హెచ్చరికో ఆలోచించండి! ఆ మనిషి దొంగతనం చేయలేదు. తన దగ్గర మిగిలినదాన్ని ఇవ్వలేదు, అంతే.

షరీఅత్ నీటికి పెట్టిన వరుస క్రమాన్ని తయమ్ముమ్ మసలా ఇంకా స్పష్టం చేస్తుంది. ఉన్న కాస్త నీరు వుజూకు వాడితే తనకో, తన తోటివారికో, తన పశువుకో తాగడానికి ఉండదనుకుంటే వుజూ మానేసి తయమ్ముమ్ చేయవచ్చు. అంటే పశువు దాహం తీర్చడానికి అల్లాహ్ తన ఆరాధనకు కావలసిన నీటినే వదులుకోమన్నాడు. మరి అదే నీరు మన టమాటా తోటకో, మన కారు కడగడానికో ముందు ఎలా చెల్లుతుంది?

బావికి హద్దు - వాల్టా చట్టం

బీడు భూమిలో ఒకరు బావి తవ్వుకుంటే దాని చుట్టూ కొంత మేర ఇంకొకరు బావి తవ్వరాదు. ఈ రక్షిత స్థలాన్ని 'హరీమ్' అంటారు. పశువులకు నీరు పెట్టే బావికి 40 మూరల హరీమ్ ఉంటుందని హదీసులో ఉంది. అంటే సుమారు 60 అడుగులు. పొలం తడపడానికి ఒంటెతో తోడే బావికి 60 మూరలని ఇమామ్ అబూయూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహిమహుముల్లాహ్) అన్నారు. ఎక్కువ నీరు తోడే బావికి ఎక్కువ దూరం అన్నమాట.

ఇక మన ప్రాంతపు చట్టం చూడండి. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం 2002 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. జనం దీన్ని వాల్టా చట్టం అంటారు. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోనూ ఇది కొనసాగుతోంది. దీని ప్రకారం ఊరి ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు సొంత వ్యవసాయ బోరు వేయరాదు. బావులను, బోరు బండ్లను రిజిస్టరు చేయించాలి. ఎక్కడైనా భూగర్భజలం దెబ్బతింటుందనుకుంటే అక్కడ నీరు తోడటాన్ని విడతకు ఆరు నెలలకు మించకుండా నిషేధించే అధికారం కూడా చట్టంలో ఉంది.

షరీఅత్‌లో హరీమ్ ఎందుకుందో, చట్టంలో 250 మీటర్ల నియమం కూడా అందుకే ఉంది. ఒకరి తవ్వకం మరొకరి నీటిని లాగేయకూడదు.

"నా పట్టా భూమి, నా ఇష్టం" అనవచ్చా?

చదువుకున్న సోదరులు కొందరు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. హరీమ్ మసలా బీడు భూమికి సంబంధించినది కదా, సొంత భూమిలో బావి తవ్వుకుంటే పొరుగువాని నీరు తగ్గినా నష్టపరిహారం లేదని హనఫీ గ్రంథాల్లో ఉంది కదా అంటారు. నిజమే, అలా ఉంది. దీన్ని దాచవలసిన పని లేదు. అయితే మూడు సంగతులు ఆలోచించాలి.

ఒకటి: ఆ ధర్మవేత్తలు చేత్తో తవ్విన బావులను, చేదతో, ఒంటెతో తోడిన నీటిని చూసి ఆ మాట రాశారు. రాయలసీమలో, తెలంగాణలో చాలా మేరకు నేల కింద గట్టి రాయి. నీరు పైపొరలోనూ, రాతి పగుళ్ళలోనూ మాత్రమే ఉంటుంది. వందల అడుగుల లోతున దించిన మోటారు అదే పగులు మీద ఆధారపడిన చుట్టుపక్కల బోర్లన్నిటినీ ఎండబెట్టగలదు. సాధనం మారినప్పుడు నష్టం కొలత కూడా మారుతుంది. మాలికీ ధర్మవేత్తలైతే పొరుగు బావికి నష్టం చేసే బావిని సొంత భూమిలో కూడా ఆపవచ్చన్నారు.

రెండు: ఎవరూ ఎవరికీ హాని తలపెట్టరాదన్నది ప్రవక్త (స) ఇచ్చిన మూలసూత్రం. పరిహారం వసూలు కాకపోవడం వేరు, అల్లాహ్ దగ్గర నిర్దోషిగా నిలవడం వేరు.

మూడు: ప్రజాహితం కోసం పాలకులు ఒక ముబాహ్ పనికి హద్దు పెడితే దానిని పాటించాలి. మనది ఇస్లామీ ప్రభుత్వం కాదు కదా అనడం సాకు మాత్రమే. ఈ దేశ పౌరులుగా మనం ఒక ఒప్పందంలో ఉన్నాం. ఒప్పందాలు నెరవేర్చమన్నది ఖుర్ఆన్ ఆదేశం. పాపం చేయమని చెప్పని, పైగా జనం దాహం తీర్చే నియమాన్ని తోసిపుచ్చడానికి షరీఅత్‌లో ఆధారం లేదు.

కాబట్టి రాత్రివేళ బోరు బండిని పిలిపించి, తెల్లారేసరికి పని ముగించి, అడిగినవారి చేతిలో నాలుగు నోట్లు పెట్టడంలో ఒక తప్పు కాదు, మూడు ఉన్నాయి: ఒప్పంద భంగం, పొరుగువానికి హాని, లంచం. అందరూ వేస్తున్నారు కదా అన్నది ఖియామత్ నాడు చెల్లే జవాబు కాదు. ఇప్పటికే అలా వేసినవారు ఉంటే నిరాశపడవద్దు. అయితే ఇది దాసుల హక్కు. ఒట్టి తౌబాతో తీరదు. ఎండిపోయిన బోరువారి వద్దకు వెళ్ళి మాట్లాడండి. మీ బోరు నుంచి ఊరివారికి ఒక కుళాయి పెట్టించండి. వారి పైరుకు ఒక తడి ఇవ్వండి.

పట్టణాలు, మస్జిద్‌లు

ఇది పల్లెల సంగతే అనుకోకండి. 2024 మార్చిలో బెంగళూరులో నీటి ఎద్దడి ముదిరినప్పుడు అక్కడి నీటి సరఫరా బోర్డు తాగునీటితో వాహనాలు కడగడం, తోటలు తడపడం, కట్టడాలకు వాడటం నిషేధించింది. 5,000 రూపాయల జరిమానా పెట్టింది. మన అనంతపురం, చిత్తూరు ప్రాంతాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ నెలలోనే రమజాన్ మొదలైంది. మస్జిద్‌లలో వుజూ నీటి అవసరం ఎక్కువగా ఉండే నెల అది.

ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సాఅ నుంచి అయిదు ముద్‌ల నీటితో గుస్ల్ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది. ముద్ అంటే మన కొలతలో లీటరుకు లోపే. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా వుజూలో దుబారా చేయరాదన్న మరో ఉల్లేఖనం ప్రసిద్ధం. దాని పరంపర బలహీనమని హదీసువేత్తలు అన్నారు, అయినా దాని భావాన్ని ముద్ హదీసు బలపరుస్తోంది. అవయవాన్ని మూడుసార్ల కంటే ఎక్కువ కడగడం కూడా సున్నతుకు విరుద్ధం. ఒకసారి ఇంట్లో మగ్గుతో కొలిచి వుజూ చేసి చూడండి. తర్వాత కుళాయి పూర్తిగా తిప్పి, కింద బకెట్ పెట్టి చేసి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

మనం చేయదగినవి

1. ముతవల్లీలు మస్జిద్ కుళాయిల ధార తగ్గించాలి. కారే కుళాయిని ఆ రోజే బాగు చేయించాలి. వుజూ నీటిని మురుగు కాలువలోకి పోనీయక ఇంకుడు గుంతకో చెట్లకో మళ్ళించాలి.

2. ఇంటికి దగ్గరగా ఉన్నవారు ఇంట్లోనే మగ్గు నీటితో వుజూ చేసుకొని రావాలి.

3. రైతు సోదరులు బోరు వేసేముందు అనుమతి తీసుకోవాలి. పక్కపక్క పొలాలవారు ఒకే బోరును వంతులతో పంచుకునే ఒప్పందం రాసుకోవాలి. ఖుర్ఆన్ రుణాల్ని రాసుకోమంది, నీటి వంతును రాసుకోవడంలోనూ మేలే ఉంది.

4. నీటిని లెక్కవేసి పంట వేయాలి. 2003లో మొదలైన ఒక పథకం కింద ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ బావుల నీటి మట్టం కొలిచి, ఉన్న నీటికి తగ్గ పంట ఎంచుకోవడం నేర్చుకున్నారు. కరువు ఏట వరి కాకుండా కొర్ర, రాగి, కంది వేయడం కూడా పొరుగువాని హక్కును కాపాడటమే.

5. ట్యాంకరు వచ్చినప్పుడు బలమున్నవాడు ముందు కాదు. వృద్ధులు, గర్భిణులు, ముస్లిమేతర సోదరులు - అందరూ వరుసలో సమానులే.

6. స్థోమత ఉన్నవారు ముందు తమపైనే కట్టుబాటు అమలు చేసుకోవాలి. హిజ్రీ 18లో అరేబియాలో ఘోరమైన కరువు వచ్చినప్పుడు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ప్రజలకు దొరకని నెయ్యిని తానూ మానేశారు.

చివరగా, వానల కోసం మనం మైదానంలో చేరి నమాజె ఇస్తిస్ఖా చేస్తాం. ఆ నమాజుకు ముందు తౌబా చేయాలని, అన్యాయంగా తీసుకున్న హక్కులు తిరిగి ఇవ్వాలని మన ఉలమాలు చెబుతూ వచ్చారు. పొరుగువాని బోరు మన వల్ల ఎండిపోయి ఉంటే, అతని పిల్లలు బిందె పట్టుకొని కోసెడు దూరం నడుస్తుంటే, మన చేతులు ఏ మొహంతో ఆకాశం వైపు లేస్తాయి? ముందు అతని గుమ్మం దగ్గరకు వెళదాం. ఆ తర్వాత మైదానానికి వెళదాం.

అల్లాహ్ మనకు తన అనుగ్రహమైన నీటిని అమానతుగా చూసుకునే బుద్ధిని, పొరుగువాని వంతును గౌరవించే మనసును ప్రసాదించుగాక! మన భూములపై మేలు చేకూర్చే వానలు కురిపించుగాక! ఆమీన్.