దగ్గరివారెవరు?

బంధువు అను మాటకు కట్టుబడినవాడని అర్థము. ఎవరు ఎవరికి కట్టుబడుదురను లెక్క మాత్రము అన్నిచోట్ల నొకటి కాదు.

తెలుగింట పెదతండ్రి, పినతండ్రి బిడ్డలు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. పెదతల్లి, పినతల్లి బిడ్డలును అట్లే. మేనమామ, మేనత్తల బిడ్డలు మాత్రము బావలు, మరదండ్రు. రక్తము లెక్కన అందరును సమదూరమువారే; అయినను ఒకరితో వియ్యము దోషము, వేరొకరితో మేనరికము వేడుక!

పాల్కురికి సోమనాథుని బసవపురాణము మరియొక లెక్క చూపుచున్నది. ఉపనయనమునకు సమ్మతింపక బసవన్న తండ్రి యిల్లు వెడలెను. తోబుట్టువు నాగమ్మ అతనిని విడువలేదు. అదే కావ్యమున బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదని పరితపించి తానే తల్లియై లాలించెను. ఆమెకు శివుడు కన్నబిడ్డ కాడు. ఆ తల్లితనమును శంకించువారెవరు?

చట్టమునకు ఇట్టి కన్నులు లేవు. లింగాయతులకిది వర్తించునా యని కొందరు సందేహింతురు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వీరశైవులను, లింగాయతులను పేరుపెట్టియే చేర్చుకొన్నది. పెండ్లియైన కొడుకు వీలునామా లేక మరణించెననుకొందము. అతని స్వార్జితము భార్యకు, బిడ్డలకు, తల్లికి సమభాగములుగా చెందును. కూతురికిని కొడుకుతో సమానభాగమే. తండ్రి మొదటి తరగతి వారసుడు కాడు. రెండవ తరగతిలో మొదటివాడు. పై తరగతివారిలో నొక్కరున్నను ఆయనకేమియు రాదు. చేయిపట్టి నడిపించిన తండ్రి ముదిమిలో కోడలి దయపై నుండవలసివచ్చును.

స్త్రీ విషయమున ఇంకను విడ్డూరము కలదు. సంతానము లేని వితంతువు తన జీతముతో కొన్న యిల్లు, వీలునామా లేనిచో, ముందుగా భర్త వారసులకు పోవును. వారెవరును లేనప్పుడే ఆమెను కన్న తల్లిదండ్రుల వంతు. పుట్టింటినుండి వారసత్వముగా వచ్చిన ఆస్తి మాత్రము తండ్రి వారసులకు మరలును. ఇది న్యాయమని ఏ తల్లియు నొప్పుకొనదు.

వీలునామా మాట యెత్తుట అశుభమని మన యిండ్లలో వెనుకాడుదురు. స్వార్జితమును ఎవరి పేరనైన వ్రాయవచ్చును: తండ్రికి, పెంచిన పినతల్లికి, మఠమునకు. స్టాంపు కాగితము అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. వ్రాసినవారి సంతకము, ఆ సంతకమును కన్నులార చూచి తామును సంతకము చేసిన ఇద్దరు సాక్షులు చాలును. ఆస్తి పొందువారిని సాక్షులుగా పెట్టకుండుట మేలు.