బొమ్మ చూడడం వేరు, చదవడం వేరు



మ్యాథ్స్ పుస్తకం తెరిచినా, సోషల్ పుస్తకం తెరిచినా గ్రాఫులు, మ్యాపులు, పటాలు కనిపిస్తాయి. బొమ్మ ఉంటే పిల్లలకు తొందరగా అర్థమవుతుందని మనమంతా అనుకుంటాం. అది నిజమే, కానీ ఏ బొమ్మ అయినా అన్నీ చెప్పదు. మన గోదావరి జిల్లాల నుంచే రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది మ్యాథ్స్. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. ఒకటి, రెండు, మూడు అని వింటుంటే వాటి మధ్య దూరాలు సమానమే అనిపిస్తుంది. మీ బిడ్డను ఒక నిలువు గీత గీసి, అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున ఆ మూడు మట్టాలూ గుర్తించమనండి. మొదటి రెండు గుర్తుల మధ్య 2 సెంటీమీటర్లు వస్తుంది, తర్వాతి రెండింటి మధ్య 4. మాటల్లో దాగిన తేడా గీతలో కంటికి కనబడింది. అయితే నీరు గంటకు ఎంత పెరుగుతోందో ఆ గీత చెప్పదు. లంక గ్రామాల వాళ్లకు ముందుగా కావలసింది అదే. దానికి గంటల వారీగా గీసిన ఇంకో గ్రాఫ్ కావాలి.

రెండోది సోషల్. 2011 జనాభా లెక్కల్లో తూర్పు గోదావరి జిల్లా జనాభా 51 లక్షలకు పైనే. 2022లో జిల్లాలు విడిపోయాక అదే పేరుతో మిగిలిన జిల్లాకు అవే లెక్కల ప్రకారం సుమారు 18 లక్షలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన బార్లుగా గీస్తే, మూడింట రెండొంతుల జనం వెళ్లిపోయారనిపిస్తుంది. నిజానికి ఎవరూ ఇల్లు కదల్లేదు. 2022 ఏప్రిల్ 4న కాకినాడ, కోనసీమ వేరే జిల్లాలయ్యాయి. రంపచోడవరం ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. పశ్చిమ గోదావరి నుంచి కొవ్వూరు, నిడదవోలు ఇటు వచ్చాయి. బార్ల ఎత్తులో తప్పు లేదు. పేరు ఒకటే అయినా ప్రాంతం వేరు.

అందుకే అంకెల బొమ్మ చూసినప్పుడు "స్కేలు ఎంత?" అని అడగడం నేర్పండి. మనుషుల గురించిన బొమ్మ అయితే "ఎవరిని, ఎక్కడ లెక్కపెట్టారు?" అని కూడా అడగాలి.

ఈ అలవాటు పెద్దలకూ అవసరమే. మార్కుల గ్రాఫ్ సున్నా నుంచి కాక 85 నుంచి మొదలైందనుకోండి. 87 మార్కుల బార్ పక్కన 91 మార్కుల బార్ మూడింతల ఎత్తు కనిపిస్తుంది. తేడా నాలుగు మార్కులే! బిడ్డను కోప్పడే ముందు అడుగున ఏ అంకె ఉందో ఒకసారి చూడండి.

ఈ నెల ఇంట్లో చేయించండి: పేపర్లో వచ్చిన ఒక గ్రాఫ్‌నో మ్యాపునో చూపించి, మూసేయండి. అది ఏం చెప్పిందో రెండు వాక్యాల్లో చెప్పమనండి. తర్వాత, అది చెప్పని సంగతి ఒకటి చెప్పమనండి. రెండో ప్రశ్నకు జవాబు వచ్చిందంటే మీ చిన్నారికి ఆ బొమ్మ నిజంగా అర్థమైనట్టే.