వానాకాలంలో చవక కలర్ లేజర్ ప్రింటర్ ఎందుకు మొరాయిస్తుంది?

కోల్‌కతాలో మేముండే అపార్ట్‌మెంటులో కింది వాటాలో ఒక తెలుగు టీచరుగారు ఉంటారు. సాయంత్రాలు పదిమంది పిల్లలకు భూగోళశాస్త్రం చెబుతారు. బయట కలర్ ప్రింట్లు తీయించడం ఖర్చని, చాందినీ చౌక్ బజారులో తక్కువ ధర కలర్ లేజర్ ప్రింటర్ ఒకటి కొన్నారు. వేసవి అంతా బాగానే పనిచేసింది. జులై వచ్చేసరికి మొరాయించడం మొదలుపెట్టింది. నల్ల అక్షరాలు బాగానే పడుతున్నా, భారతదేశ పటంలో రంగు నింపిన చోట్ల బొబ్బర్లు బొబ్బర్లుగా వెలిసిపోయినట్టు వస్తోంది. వేలితో రుద్దితే రంగు రాలుతోంది. కాగితం చుట్టుకుపోయి లోపల ఇరుక్కుంటోంది.

చూడ్డానికి వచ్చిన మెకానిక్ "దిదీ, ఫ్యూజర్ పోయింది. మార్చాలంటే ఎనిమిది వేలవుతుంది" అని చెప్పి వెళ్ళాడు. మర్నాడు టీచరుగారు నన్ను పిలిచారు. "బాబూ, నువ్వు ఫిజిక్స్ చదివావు కదా. ఆ డబ్బుతో రెండు నెలల కరెంటు బిల్లు కట్టుకోవచ్చు. మార్చాలా, అవతల పారేయాలా, నువ్వే చెప్పు" అన్నారు.

మార్చాలో పారేయాలో తేల్చాలంటే ముందు ఆ పెట్టె లోపల ఏం జరుగుతుందో తెలియాలి. చవక కలర్ లేజర్ ప్రింటర్ కొన్న చాలామంది చెప్పే ఫిర్యాదులు దాదాపు ఇవే. వాటిలో ఎక్కువ భాగానికి కారణం పాఠశాల భౌతికశాస్త్రంలోనే దొరుకుతుంది.

దువ్వెనా, కాగితం ముక్కలూ

తల దువ్వుకున్న దువ్వెన చిన్న కాగితం ముక్కలను లాగుతుందని మనకు తెలుసు. లేజర్ ప్రింటర్ పనిచేసేది ఈ స్థిర విద్యుత్తుతోనే. ఇంక్‌జెట్ ప్రింటర్ కాగితంపై సిరా చుక్కలు చల్లుతుంది. లేజర్ ప్రింటర్‌లో సిరా ఉండదు. టోనర్ అనే పొడి ఉంటుంది. అది రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. ఒక్కో రేణువు 5 నుంచి 10 మైక్రోమీటర్లు ఉంటుంది, అంటే తల వెంట్రుక మందంలో సుమారు పదో వంతు.

ఈ పద్ధతికి ఆద్యుడు అమెరికాకు చెందిన ఛెస్టర్ కార్ల్సన్. భౌతికశాస్త్రం చదివి పేటెంట్ల విభాగంలో పనిచేసిన ఆయనకు రోజూ పత్రాలకు నకళ్ళు తీయాల్సిన అవసరం ఉండేది. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో, ఒక అద్దె గదిలో, సహాయకుడు ఒట్టో కోర్నైతో కలిసి ప్రయోగం చేశాడు. గంధకం పూత పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది ఆవేశం కలిగించాడు. అక్షరాలు రాసిన గాజు పలకను దానిమీద పెట్టి దీపం కాంతి పడనిచ్చాడు. కాంతి పడిన చోట ఆవేశం పోయింది, అక్షరాల నీడ పడిన చోట నిలిచింది. పైన సన్నని పొడి చల్లితే అది ఆవేశమున్న చోటనే అంటుకుంది. దాన్ని మైనం కాగితం మీదికి ఎక్కించి వేడి చేశాడు. కాగితంపై నిలిచినవి ఆనాటి తేదీ, ఊరి పేరు. 1959లో వచ్చిన జిరాక్స్ 914 యంత్రానికి మూలం ఇదే. తర్వాత గ్యారీ స్టార్క్‌వెదర్ దీపం స్థానంలో లేజర్ కిరణాన్ని వాడి, 1970ల మొదట్లో లేజర్ ప్రింటర్ తయారుచేశాడు.

వెలుగు పడితే విద్యుత్ ప్రవర్తన మారే పదార్థాల కథలో కోల్‌కతాకూ చోటుంది. ఇక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్ గెలీనా అనే సీసపు ఖనిజంతో రేడియో తరంగాలను పసిగట్టే సాధనం చేశారు. 1904లో దానికి అమెరికా పేటెంట్ వచ్చింది. అదే గెలీనా వెలుగుకు కూడా స్పందిస్తుందని ఆయన చూపారు. ఇప్పటి ప్రింటర్లలోని డ్రమ్ముపై ఉండే పూత వేరే పదార్థం. కానీ చీకట్లో విద్యుత్తును ఆపడం, వెలుగు పడితే వదలడం అనే గుణం మీదే అది ఆధారపడుతుంది.

ఒక పేజీ తయారయ్యే తీరు

నేటి ప్రింటర్‌లో డ్రమ్ము మీద మొదట కొన్ని వందల వోల్టుల రుణావేశం పరుచుకుంటుంది. లేజర్ కిరణం తగిలిన చోట ఆ ఆవేశం చాలావరకు తగ్గిపోతుంది. రుణావేశమున్న టోనర్ ఆ చోట్లకే చేరుతుంది. తర్వాత ధనావేశమున్న ఒక రోలరు ఆ పొడిని కాగితం మీదికి లాగుతుంది. చివరిగా ఫ్యూజర్ అనే వేడి రోలరు, సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వద్ద, పొడిని కరిగించి కాగితం పీచుల్లోకి నొక్కుతుంది.

కలర్ ప్రింటర్‌లో ఈ తతంగం నాలుగుసార్లు జరగాలి. సయాన్, మజెంటా, పసుపు, నలుపు టోనర్లకు విడివిడిగా జరుగుతుంది. చాలా యంత్రాల్లో నాలుగు రంగులూ ముందు ఒక బెల్టు మీద ఒకదానిపై ఒకటి చేరి, తర్వాత ఒక్కసారిగా కాగితం మీదికి దూకుతాయి. అంగుళానికి 600 చుక్కలు వేసే యంత్రంలో చుక్కల మధ్య దూరం 25.4 మిల్లీమీటర్లను 600తో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు 42 మైక్రోమీటర్లు. నాలుగు రంగులూ ఇంత దగ్గరగా సరిపోలాలి. అందుకే ప్రింటర్ అప్పుడప్పుడు తనంతట తాను గరగరమని తిరిగి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటుకూ కొంత టోనర్ పోతుంది. "నేను నలుపే వాడాను, రంగులెందుకు తగ్గాయి?" అనేవారికి దొరికే జవాబుల్లో ఇదొకటి.

వంటింటి తూకంతో ఒక పరీక్ష

ఇక టీచరుగారి ప్రింటర్ దగ్గరికి వద్దాం. కోల్‌కతాలో వానాకాలంలో గాలిలో సాపేక్ష ఆర్ద్రత తరచుగా 80 శాతం దాటుతుంది. కాగితం పత్తిలాగా తేమ పీల్చుకునే వస్తువు. ఆవిడ ట్రేలోని కాగితాల కట్ట జూన్‌లో విప్పింది. కిటికీ పక్కనే ఉంది.

ప్యాకెట్ మీద 75 గ్రాములని రాసి ఉంది. అంటే చదరపు మీటరు కాగితం బరువు 75 గ్రాములు. ఒక ఎ4 కాగితం వైశాల్యం చదరపు మీటరులో పదహారో వంతు. కాబట్టి వంద కాగితాలు సుమారు 468 గ్రాములు తూగాలి. టీచరుగారి వంటింటి తూకం యంత్రం మీద ట్రేలోని వంద కాగితాలు పెడితే 483 వచ్చింది. అదే రకం కొత్త ప్యాకెట్ తెప్పించి, సీలు విప్పిన వెంటనే వంద కాగితాలు తూచాం. 469 వచ్చింది. తేడా 14 గ్రాములు. ప్యాకెట్టుకూ ప్యాకెట్టుకూ మధ్య కాస్త తేడా ఉండొచ్చు. అయినా ఇందులో ఎక్కువ భాగం నీరేనని అనుకోవచ్చు.

అంటే ఒక్కో కాగితంలో సుమారు 0.14 గ్రాముల నీరు అదనంగా చేరింది. ఇది రెండు పనులు చెడగొడుతుంది.

మొదటిది, విద్యుత్తు సంగతి. పొడి కాగితం దాదాపు బంధకం. తేమ చేరితే దాని నిరోధం ఎన్నో రెట్లు తగ్గుతుంది. టోనర్‌ను లాగాల్సిన ఆవేశం నిలవకుండా కాగితం గుండా జారిపోతుంది. నల్ల అక్షరానికి ఒక పలుచని పొర సరిపోతుంది కాబట్టి అది గట్టెక్కుతుంది. ఆకుపచ్చ రంగు కావాలంటే సయాన్ మీద పసుపు, రెండు పొరలు లాగాలి. లాగే శక్తి చాలక కొంత పొడి బెల్టు మీదే ఉండిపోతుంది. పటంలో అడవుల ఆకుపచ్చ బొబ్బర్లుగా రావడానికి కారణం ఇదే.

రెండవది, వేడి సంగతి. నాలుగున్నర గ్రాముల పొడి కాగితాన్ని వంద డిగ్రీల మేర వేడెక్కించడానికి సుమారు 630 జౌళ్ళు కావాలి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 జౌళ్ళు కావాలి. దీన్నే గుప్తోష్ణం అంటాం. ఆ అదనపు 0.14 గ్రాములు పూర్తిగా ఆవిరైతే 316 జౌళ్ళు, అంటే అసలు అవసరంలో సగం, నీటికే పోతాయి. నిజానికి ఫ్యూజర్‌లో ఉండే ఆ కొద్ది క్షణంలో నీరంతా ఆవిరి కాదు. అయినా వేడి తగ్గి టోనర్ సరిగా కరగదు, రుద్దితే రాలుతుంది. పైగా కాగితం ఒక వైపు ముందు ఆరి చుట్టుకుంటుంది, దారిలో ఇరుక్కుంటుంది.

ఒక్క కాగితం మాత్రమే మార్చి, మిగతావేవీ కదపకుండా అదే పటం మళ్ళీ ప్రింటు తీశాం. ఆకుపచ్చ నిండుగా వచ్చింది. రుద్దినా రాలలేదు. ఫ్యూజర్ బాగానే ఉంది.

స్కేలు చెప్పిన మరో సంగతి

అయితే సమస్య అంతా తీరలేదు. కొత్త కాగితంపైనా ఒక చిన్న నీలం మచ్చ మిగిలింది. పేజీ పొడుగునా మూడు చోట్ల, సమాన దూరాల్లో కనిపించింది. స్కేలు పెట్టి కొలిస్తే మచ్చకూ మచ్చకూ మధ్య 75 మిల్లీమీటర్లు ఉంది.

తిరిగే వస్తువు మీద ఒక చోట గీత పడితే, అది ఒక్కో చుట్టుకూ ఒకసారి కాగితం మీద కనిపిస్తుంది. కాబట్టి మచ్చల మధ్య దూరమే ఆ రోలరు చుట్టుకొలత. 75ను 3.14తో భాగిస్తే వ్యాసం సుమారు 24 మిల్లీమీటర్లు. ఆ ప్రింటర్‌లో డ్రమ్ము వ్యాసం అంతే. మచ్చ నీలం కాబట్టి దోషం సయాన్ డ్రమ్ముది. ఆ మోడల్‌లో డ్రమ్ము, టోనర్ ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉంటాయి. అది ఎలాగూ అయిపోవస్తోంది. "ఈసారి కొన్నప్పుడు మచ్చా పోతుంది. అప్పటిదాకా పిల్లలు దాన్ని లక్షద్వీప్ అనుకుంటారులే" అన్నారు టీచరుగారు.

ధర చవక, పేజీ ఖరీదు

ఆవిడకు ఇంకో ఫిర్యాదు ఉంది. "వెయ్యి పేజీలు వస్తాయన్నారు, రెండు వందలకే పసుపు అయిపోయింది."

ఇందులో మోసం ఉండాల్సిన పని లేదు. ప్యాకెట్ మీది పేజీల సంఖ్యను నిర్ణీత నమూనా పేజీలతో కొలుస్తారు. వాటిలో ఒక్కో రంగు కప్పే జాగా మొత్తం మీద సుమారు 5 శాతమని లెక్క. పటంలో పసుపు, ఆకుపచ్చ, నారింజ భాగాలన్నింటిలోనూ పసుపు టోనర్ పడుతుంది. అది పేజీలో 25 శాతం కప్పితే, వాడకం ఐదు రెట్లు. వెయ్యి పేజీలు రెండు వందలవుతాయి. కార్ట్రిడ్జ్ ధర 4,000 రూపాయలనుకుంటే ఒక్క పటానికి పసుపే 20 రూపాయలు. పైగా కొత్త ప్రింటర్‌తో వచ్చే కార్ట్రిడ్జ్‌లలో చాలాసార్లు టోనర్ తక్కువ నింపి ఉంటుంది. కొనేముందు ప్రింటర్ ధర కాదు, నాలుగు కార్ట్రిడ్జ్‌ల ధర, వాటి పేజీల సంఖ్య అడగాలి.

టీచరుగారు ఇప్పుడు పటాల్లో రంగు నిండుగా నింపడం మానేశారు. సరిహద్దులు, నదులు మాత్రమే రంగులో గీస్తున్నారు. మిగతాది పిల్లలే రంగు పెన్సిళ్ళతో నింపుతున్నారు. పాఠం ఇంకా బాగా గుర్తుంటోందట.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

వానాకాలంలో ట్రేలో ఆ రోజుకు కావలసిన కాగితాలే పెట్టండి. మిగతావి అసలు ప్యాకెట్‌లోనే, మడిచి, మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. కాగితం మందానికి తగిన రకాన్ని ప్రింటర్ సెట్టింగులలో ఎంచుకోండి. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు వందల వాట్ల విద్యుత్తు ఒక్కసారిగా లాగుతుంది. ఆ క్షణాన లైట్లు మసకబారడం అందుకే. కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్‌కు లేజర్ ప్రింటర్‌ను తగిలించకూడదు.

ముద్రించేటప్పుడు అతి సన్నని కణాలు గాలిలోకి వెలువడతాయి. అందుకని గాలి ఆడే చోట, పడకకు దూరంగా ఉంచండి. టోనర్ ఒలికితే పొడిగుడ్డతో తుడిచి, చేతులు చన్నీళ్ళతో కడుక్కోండి. వేడినీళ్ళు వాడితే పొడి మెత్తబడి అంటుకుంటుంది. మామూలు వాక్యూమ్ క్లీనర్ వాడవద్దు, సన్నని పొడి దాని వడపోతను దాటి గదిలోకే వస్తుంది. ఖాళీ కార్ట్రిడ్జ్‌ను చెత్తబుట్టలో వేయవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల్లో ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జ్‌లు కూడా ఉన్నాయి. వారంటీ విషయంలో న్యాయం జరగలేదనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

పాత అచ్చు, కొత్త అచ్చు

కోల్‌కతాకు ఎగువన హుగ్లీ ఒడ్డునే శ్రీరాంపూర్ ఉంది. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం అక్కడి మిషన్ ప్రెస్‌లోనే అచ్చయింది. చేతి అచ్చు యంత్రాల కాలంలో ముద్రకులు కాగితాన్ని కావాలనే తడిపేవారు. తడి కాగితం మెత్తబడి సిరాను బాగా పట్టుకుంటుంది. ఆనాడు పని చేసిపెట్టిన తేమే ఈనాడు పని చెడగొడుతోంది. ఆనాటి అచ్చు సిరా, ఒత్తిడి మీద నడిచింది. ఈనాటిది ఆవేశం, వేడి మీద నడుస్తోంది.

మీ ప్రింటర్ మొరాయిస్తే విడిభాగం మార్చే ముందు కొత్త ప్యాకెట్ విప్పి ఒక్క కాగితం పెట్టి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చి, తేడా గమనించండి. టీచరుగారికి ఎనిమిది వేలు మిగిల్చింది ఆ పద్ధతే.